కలియుగ భీముడి అసలు బలం



శ్రీకాకుళం వెళ్ళినప్పుడు మీరు కోడి రామ్మూర్తి స్టేడియం చూసే ఉంటారు. ఆ పేరు ఎవరిదని మీ అమ్మాయో అబ్బాయో అడిగితే ఏం చెబుతారు? ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న పెద్దమనిషి అని చాలామంది చెబుతాం. అది నిజమే. కానీ పిల్లలకు చెప్పాల్సిన కథ అంతకంటే ముందే మొదలవుతుంది.

తల్లి లేని పిల్లవాడు

రామ్మూర్తి నాయుడు 1880ల తొలినాళ్ళలో వీరఘట్టంలో పుట్టారు. మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఆయన చిన్నతనంలోనే తల్లి కన్నుమూశారు. తండ్రి వెంకన్న నాయుడు కొడుకును విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపారు. పుస్తకాల కంటే కసరత్తు మీదే ఆ పిల్లవాడి మనసు ఉండేది. అలాంటి పిల్లవాడిని ఎందుకూ పనికిరాడని తీసిపారేయడం ఏ కాలంలోనైనా తేలికే. పినతండ్రి ఇంట అలా జరగలేదు. రామ్మూర్తి తాలింఖానాలో చేరి దండీలు, బస్కీలు, గోదాలో కుస్తీ ఏళ్ళ తరబడి సాధన చేశారు.

ఆ తర్వాత మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, విజయనగరం తిరిగి వచ్చి తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారయ్యారు. దేశమంతా పేరు మోగక ముందు ఆయన పిల్లలకు వ్యాయామం నేర్పిన గురువు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

బలం ఎక్కడ ఉంది?

విజయనగరంలోనే సొంత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా ప్రదర్శనలిచ్చారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి, కండలు పొంగించి తెంచేవారు. రెండు చేతులకు కట్టిన గొలుసులను రెండు కార్లు చెరోవైపు లాగుతుంటే కదలకుండా నిలబడేవారు. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులెస్ అన్న పేర్లు అలా వచ్చాయి.

అయితే ఈ విద్యలన్నిటి వెనుక ఉన్నది ఊపిరి మీద అదుపు. ప్రాణాయామం, వాయుస్తంభన ఆయన నిత్యసాధన. ఆయన శాకాహారి. బ్రహ్మచారిగానే జీవితం గడిపారు. చూసేవారికి గొలుసు తెగిన ఆ ఒక్క క్షణమే కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న వేల ఉదయాలు కనిపించవు. జపాన్ ఖడ్గవీరుడు మియమోటో ముసాషి కూడా చివరి ఏళ్ళలో తన కత్తి విద్య గురించి పుస్తకం రాస్తూ, రోజూ చేసే సాధన గురించే పదే పదే పట్టుబట్టాడు. దేశాలు వేరైనా దారి ఒకటే.

కాలు పోయిన తర్వాత

వేదిక మీది బలానికి చప్పట్లు దొరుకుతాయి. జీవితం పెట్టే పరీక్ష వేరు. రామ్మూర్తి నాయుడికి కాలి మీద లేచిన పుండు ముదిరి, చివరికి కాలే తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే ఆ బాధను ఓర్చుకున్నారని మన ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. ఒంటిబలంతో బతికిన మనిషికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? ఒడిశాలోని బలంగీర్‌లో 1942 జనవరిలో ఆయన కన్నుమూశారు. కండలు ఆయనను విడిచిపెట్టాయి. వాటిని పెంచేటప్పుడు అలవడిన నిగ్రహం మాత్రం కడదాకా తోడుంది.

మన ఇంట్లో ఏం చేయవచ్చు?

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గగానే మనం మొదట కోత పెట్టేది ఆ గంటకే. ఈసారి అలా చేసే ముందు ఒక్కసారి ఆగండి. టీవీ, ఫోన్ సమయంలో కోత పెట్టి చూడండి. ఆటను మాత్రం వదిలేయండి.

ఉదయం పది నిమిషాలు మీరూ పిల్లలతో కలిసి నడవండి. ఆ తర్వాత నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం చేయించండి. పందెం వద్దు, పక్కింటి పిల్లలతో పోలిక వద్దు. గొలుసులు తెంచే విన్యాసాలు అసలే వద్దని కూడా చెప్పండి! నాలుగు రోజులు చేసి మానేస్తే మళ్ళీ మొదలుపెట్టనివ్వండి.

మీ పిల్లల్లో ఒకరికి పుస్తకం కంటే మైదానమే ఇష్టమైతే దిగులుపడకండి. వారానికి ఒక్కసారైనా మైదానం దాకా వెళ్ళి, వాళ్ళు ఏం సాధన చేస్తున్నారో అడిగి తెలుసుకోండి. నారాయణస్వామి గారింట చోటు దొరకబట్టే వీరఘట్టం పిల్లవాడు కలియుగ భీముడయ్యాడు.