జాషువా పద్యం కావాలి, జాషువా మాట వొద్దా?

మా బొల్లాపల్లి వైపు ఊళ్లల్లో హరిశ్చంద్ర నాటకం పడితే కాటి సీను కోసం జనం నిద్ర ఆపుకోని కూచుంటారు. శ్మశానం మీద పద్యాలు ఎత్తుకోగానే వన్స్‌మోర్‌లు పడతాయి. ఆ పద్యాలు గుర్రం జాషువా గారివి. మా పక్కనున్న వినుకొండే ఆయన సొంతూరు. పద్యం అందరికీ నోటికొచ్చు. ఆ మడిసి ఏం చెప్పాడో మాత్రం కొద్దిమందికే పట్టింది.

జాషువా 1895 సెప్టెంబరు 28న పుట్టారు. నాయన వీరయ్య యాదవుడు, అమ్మ లింగమ్మ మాదిగ. క్రైస్తవ కుటుంబం. అంటరానోడికి కవిత్వమేందని పండితులు చిన్నచూపు చూశారు. క్రైస్తవుడివై ఉండి హిందువుల కథలు రాయటమేందని సొంత మతం వాళ్లూ కోప్పడ్డారు. రెండువైపులా తలుపులు మూసినా ఆయన కలం ఆపలేదు. బతుకుతెరువు కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ చెప్పారు. తర్వాత గుంటూరులో ఏళ్ల తరబడి పంతులుగా పాఠాలు చెప్పుకున్నారు.

1932లో ఫిరదౌసి వొచ్చింది. కష్టం చేయించుకోని కూలి ఎగ్గొట్టిన రాజు మీద కవి తిరగబడ్డ కథ అది. 1941లో గబ్బిలం వొచ్చింది. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు పెళ్లాం దగ్గరికి మేఘాన్ని పంపుతాడు. జాషువా కావ్యంలో పంపేది తంజావూరు వైపు ఉండే ఒక మాదిగ. పంపేది శివుడి దగ్గరికి. తనకి గుళ్లో అడుగుపెట్టే దారి లేదు, చూరుకి వేలాడే గబ్బిలానికి ఉంది. అందుకే తన గోడు దేవుడి చెవిన వెయ్యమని దాన్ని బతిమాలతాడు. దారిలో తెలుగు నేల పాత వైభవమంతా ఆ పిట్టకి చూపిస్తాడు. రాజులు, పండితులు చెప్పుకున్న చరిత్రని మొదటిసారి గుడి బయట నిలబెట్టినోడి కళ్లతో మనం చూస్తాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్ అనే నల్లజాతి రచయిత ఇట్టాంటి పనే చేశాడు. 1910 నుంచి క్రైసిస్ అనే పత్రిక నడిపాడు. బానిసత్వం పోయాక నల్లోళ్లకి ఓటిస్తే పాలన చెడిపోయిందని అప్పటి చరిత్ర పుస్తకాలు రాసేవి. కాదు, అందరికీ సర్కారు బడులు రావాలని పట్టుబట్టి సాధించింది వాళ్లేనని 1935లో ఆయన లావుపాటి పుస్తకం రాసి చూపించాడు. 1946లో మన అంబేద్కర్ ఆ డుబాయ్‌కి ఉత్తరం రాశారు. జాషువాకీ డుబాయ్‌కీ పరిచయముందని నేననటం లేదు. ఎవరి చరిత్ర వాళ్లే రాసుకోకపోతే ఎదుటోడు రాసిందే నిజమైపోద్దని ఇద్దరికీ తెలుసు. అంతే.

జాషువాకి మర్యాదలు రాకపోలేదు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. క్రీస్తు చరిత్రకి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వొచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

అయితే మెచ్చుకోవటం వేరు, వినటం వేరు. ఆ శ్మశానం పద్యాల్లో ఆయన చెప్పిందేంది? అంటరానితనం అడుగుపెట్టలేని చోటు అదొక్కటేనని గదా! ఆ పద్యానికి చప్పట్లు కొట్టి, కులానికో శ్మశానం పెట్టుకున్న ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దళితుడు చస్తే పూడ్చటానికి గజం నేల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే కుటుంబాలు ఉన్నాయి. పద్యం గొంతులో నిలిచింది గానీ గుండెలోకి దిగలేదన్నమాట.

సెప్టెంబరు 28 వొస్తే విగ్రహానికి దండ వేస్తారు, వెయ్యండి. అదే రోజు బళ్లో పిల్లల చేత గబ్బిలం చదివించండి. చదివాక మన ఊరి శ్మశానం ఎవరెవరిదో వాళ్లనే అడగనివ్వండి. జవాబు చెప్పాల్సింది పెద్దోళ్లం మనమే.