బందరు నోబుల్ దొర: తెరిచిన బడి, తెరవని తలుపు



ఇంటర్ పాసై బంటుమిల్లి నుంచి బందరు వెళ్లి చదువుకోవాలనుకునే మన పిల్లలకు నోబుల్ కాలేజీ పేరు తెలుసు. ఆ నోబుల్ ఎవరో తెలిసినవాళ్లు తక్కువ. మన పేటల్లో ఆర్.సి.ఎం. చర్చికి పోయేవాళ్లున్నారు, సి.ఎస్.ఐ. చర్చికి పోయేవాళ్లున్నారు, గుడికి పోయేవాళ్లున్నారు. ఎవరు ఎక్కడికి పోయినా ఆయన కథ మనందరికీ అవసరం. ఎందుకంటే అది బడి తలుపు ఎవరికి తెరిచారు, ఎవరికి తెరవలేదు అనే కథ.

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1809లో ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో పుట్టారు. తండ్రి ఒక పల్లెటూరి చర్చిలో పాదిరి. నోబుల్ కేంబ్రిడ్జిలో చదివి, తానూ పాదిరి అయ్యారు. అప్పట్లో తెలుగు ప్రాంతంలో చర్చ్ మిషనరీ సొసైటీకి, అంటే సి.ఎం.ఎస్.కు, పని లేదు. ఆ పని మొదలుపెట్టడానికి 1841లో ఇద్దరు బయలుదేరి వచ్చారు. ఒకరు నోబుల్, రెండోవారు హెన్రీ ఫాక్స్. ఇద్దరూ బందరులో దిగారు.

ఇద్దరూ ముందు తెలుగు నేర్చుకున్నారు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. ఫాక్స్ ఊళ్లు తిరిగి, తిరునాళ్లలో జనం మధ్య నిలబడి బోధించారు. భార్యను పోగొట్టుకున్నారు, ఆరోగ్యం పాడైంది. 1848లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లి, ముప్పై ఒక్క ఏళ్లకే చనిపోయారు. నోబుల్ ఊళ్లు తిరగలేదు. 1843లో బందరులో ఇంగ్లీషు బడి పెట్టి, చివరిదాకా ఆ బడినే పట్టుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు.

అప్పుడు కంపెనీ పాలన. ఇంగ్లీషు వస్తే సర్కారు ఉద్యోగం దొరికేది. అందుకని బ్రాహ్మణ, వెలమ మొదలైన కుటుంబాలవాళ్లు తమ పిల్లలను ఈ బడికి పంపారు. రోజూ బైబిలు పాఠం ఉంటుందని తెలిసే పంపారు. అయితే ఆ బడిలో మాల, మాదిగ పిల్లలను చేర్చుకోలేదు. ఊరికి దూరంగా ఉన్న ఆ వాడలకే చోటు లేనప్పుడు, ఇంకా దూరంగా ఉన్న యానాది, ఎరుకల పిల్లల మాట చెప్పక్కర్లేదు.

నోబుల్‌కు కుల వ్యవస్థ అంటే ఇష్టం లేదు. కానీ ఆయన వేసుకున్న లెక్క వేరు. వాడ పిల్లలను చేర్చుకుంటే మిగతావాళ్లు తమ పిల్లలను మాన్పిస్తారు, బడి మూతపడుతుంది. ముందు పై కులాలవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెంట వస్తారు. ఇదీ ఆ లెక్క. దీన్ని ఆ రోజుల్లోనే తప్పుపట్టిన మిషనరీలు ఉన్నారు. నోబుల్ మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

1852లో ఆయన విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నారు. అయినాల భూషణం బ్రాహ్మణ కుర్రవాడు, మంచాల రత్నం వెలమ కుర్రవాడు. బంధువులు నోబుల్ ఇంటి మీదకు వచ్చారు. ఊళ్లో గొడవైంది. బడి దాదాపు ఖాళీ అయిపోయింది. ఏ భయంతో వాడ పిల్లలను బయట ఉంచారో అదే జరిగింది, అదీ వాడ పిల్లలు లోపలికి రాకుండానే. నోబుల్ బడి మూయలేదు. ఉన్న కొద్దిమందికే పాఠం చెప్పారు. కొంతకాలానికి పిల్లలు మళ్లీ వచ్చారు. భూషణం, రత్నం తర్వాత పాదిరీలు అయ్యారు. జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా క్రైస్తవుడై, కేంబ్రిడ్జి దాకా వెళ్లి చదివి, కలకత్తాలో మిషనరీగా పనిచేశారు. కానీ ఇలా మారినవాళ్లు కొద్దిమందే.

ఇంతలో బెజవాడకు ఉత్తరాన, మెరక ప్రాంతంలోని రాఘవాపురంలో వేరే సంగతి జరిగింది. పగోలు వెంకయ్య అనే మాల పెద్ద దేవుడి గురించి తనంతట తానే వెతుక్కుంటూ బెజవాడ వచ్చి, డార్లింగ్ అనే పాదిరిని కలిశాడు. 1859లో తన వాళ్లతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అతను నోబుల్ బడి మెట్టు ఎక్కినవాడు కాదు. అతని నుంచి ఆ మాట ఊరూరి వాడలకు పాకింది. కృష్ణా జిల్లాలో సి.ఎం.ఎస్. చర్చి పెరిగింది ఆ వాడల్లోనే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ చర్చీలే సి.ఎస్.ఐ. అయ్యాయి. ఈ డెల్టాలో ఆర్.సి.ఎం. చర్చీలు కూడా ఎక్కువగా పేదల వాడల్లోనే వేళ్లూనుకున్నాయి. పైనుంచి కిందికి వస్తుందని నోబుల్ అనుకున్నది కింద నుంచే లేచింది. వాడల్లో చర్చితోపాటు చిన్న బళ్లూ వచ్చాయి. అక్షరం అక్కడికి చేరింది అలాగే.

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన పడింది. 1977 దివిసీమ ఉప్పెన గురించి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. అలాంటిదే అదీ. సముద్రం ఊళ్లోకి వచ్చింది. సుమారు 30,000 మంది పోయారు. నోబుల్ ఆ రాత్రి బతికి బయటపడ్డారు. శవాలు, కుళ్లిన నీళ్లు, జ్వరాలు ఉన్న ఆ ఊరిని విడిచి వెళ్లలేదు. మరుసటి ఏడాది, 1865 అక్టోబరు 17న, బందరులోనే చనిపోయారు.

ఆయన పెట్టిన బడి పెరిగి నోబుల్ కాలేజీ అయింది. పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు అక్కడ చదువుకున్నవాళ్లే. అక్కడ పాఠాలు చెప్పినవారిలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ఒకరు. ఆయనే తర్వాత కాకినాడలో అంటరానివాళ్లన్న పిల్లలను చేరదీసి చదివించారు. నోబుల్ తెరవని తలుపును తర్వాతివాళ్లు ఒక్కొక్కరుగా నెట్టి తెరిచారు. ఇవాళ ఆ కాలేజీలో ఏ కులం పిల్లలైనా, ఏ తెగ పిల్లలైనా చేరవచ్చు.

నోబుల్‌ను తిట్టడానికి ఇది రాయలేదు, పొగడడానికీ రాయలేదు. ఒక పనిని పట్టుకుంటే ఇరవై నాలుగేళ్లు వదలకపోవడం ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన సంగతి. ముందు వాళ్లు, తర్వాత మీరు అని ఎవరైనా చెబితే ఆ తర్వాత ఎప్పుడో గట్టిగా అడగాలన్నది ఆయన బడి నేర్పే సంగతి. వెంకయ్య ఎవరి పిలుపు కోసమూ ఎదురుచూడలేదు. తనకు కావలసింది తానే వెతుక్కుంటూ బెజవాడ దాకా నడిచి వెళ్లాడు.

హాస్టలు వార్డెనుగా నేను చూసేది ఒకటి ఉంది. ఇప్పుడు మన పిల్లలను చట్టం ఆపడం లేదు. కులధ్రువీకరణ పత్రం సమయానికి లేక, స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు తెలియక, ఇంట్లో చెప్పేవాళ్లు లేక ఆగిపోతున్నారు. కనుక మీలో డిగ్రీలో చేరినవాళ్లు ఒక పని చేయండి. మీ పేటలో పది పాసైన పిల్లవాడినో పిల్లనో ఒకరిని ఎంచుకుని, కాగితాలు సిద్ధం చేయించి, దరఖాస్తు నింపి, చేరేదాకా వెంట ఉండండి. వాళ్లు ఇంకొకరికి చేస్తారు.