డొక్కా సీతమ్మగారి అన్నదానము

పరులయెడ దయ చూపువారి మనస్సున ఏ ప్రేరణ యున్నదో కనుగొనుట సులభము కాదు. పుణ్యమునకై కొందఱు, పేరునకై కొందఱు, లోకనిందకు వెఱచి కొందఱు పెట్టుదురు. ఎదుటివాని ఆకలి నొక్కదానినే చూచి పెట్టువారు అరుదు. డొక్కా సీతమ్మగారు అట్టివారు.

ఆమె 1841లో గోదావరీ సీమయందలి మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచే ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలిచెడివారట. తల్లి నరసమ్మగారు ముందుగనే గతింపగా ఇంటి భారము ఈ బాలికపై బడెను. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నపంతులుగారు ప్రయాణమధ్యమున ఆ యింట ఆతిథ్యము పొంది, ఆమె ఆదరణను చూచి, పిమ్మట ఆమెను వివాహమాడిరని చెప్పుదురు.

గన్నవరము గోదావరి పాయయైన వైనతేయ తీరమున నున్నది. ఆ కాలమున బాటసారులు పడవపై ఏరు దాటెడివారు. వరద వచ్చిన అదియు లేదు. వేళగాని వేళ రేవున దిగిన బాటసారులకు డొక్కావారి యిల్లే గతి. అర్ధరాత్రమున తలుపు తట్టినను ఆమె పొయ్యి రాజవేయుచుండెడివారు. కులమేదని అడుగలేదు, ఊరేదని అడుగలేదు. ఒకమాఱు వరదలో లంకపై చిక్కుకొన్న యొకడు ఆకలికి కేకలు వేయుచుండగా, ఆమె అన్నము కట్టియీయ, పంతులుగారు ఆ ప్రవాహమున పడవపై పోయి అందించిరని అచ్చటివారు చెప్పుకొందురు. ఇట్టి కథలలో సీతమ్మగారి పేరు నిలిచినంతగా పంతులుగారి పేరు నిలువలేదు. ఆ గాదెలు వట్టిపోవుచున్నను ఆయన సహించి యుండనిచో ఆ పొయ్యి అన్నాళ్ళు మండియుండెడిది కాదు.

ఆమె పుణ్యమునకై పెట్టెనందుమా? చిరకాలపు కోరికగా అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు ఆమె ఒకనాడు పల్లకిలో బయలుదేరిరి. దారిలో ఏనుగుల మహలు కడ బోయీలు అలసట తీర్చుకొనుచుండగా ఒక పెండ్లివారి గుంపు అటు వచ్చెను. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను పెద్దలు ఊరడించుచు, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టుదురని చెప్పుచుండిరట. ఆమె ఎవరో వారెఱుగరు. ఆమెయు చెప్పుకొనక, పల్లకిని వెనుకకు మరలించి, వారికంటె ముందుగ ఇల్లు చేరి వంటకు దొరకొనిరి. యాత్రాఫలము చేతికందు దూరమున నుండగా విడిచి వచ్చినవారిని పుణ్యార్థులనుట తగునా? పెట్టువాడను నేనను తలపు తొలగిన ఈ సేవను దాసోహమనుటకు మన పాఠకులు సంకోచింపరు.

కీర్తి యన్నచో అదియు ఆమె యింటి వాకిటికి తానై వచ్చెను. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆమెకు ఆహ్వానము రాగా, ఆమె పోనొల్లరైరి. ఛాయాచిత్రమైనను కావలెనని అధికారి వేడగా దానికిని అంగీకరింపలేదు. చిత్రము లేక పోయినచో తన కొలువునకు ముప్పు వచ్చునని అతడు మొఱపెట్టుకొన్న పిదపనే ఒప్పుకొనిరని ప్రసిద్ధి. నేడు మనము చూచు చిత్రము అట్లు దొరకినదే. అదియు ఒకని కష్టమును తీర్చుటకు ఆమె పెట్టిన భిక్షయే యనవచ్చును.

అన్నదానమున ఆస్తి కరగుచుండినను ఆమె వ్రతము మానలేదు. 1909 ఏప్రిల్ 28న ఆమె శివైక్యము నొందిరి. గన్నవరము కడ వైనతేయపై 2000లో పూర్తియైన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే పెట్టెను. ఆ అక్విడక్టు మీదుగ కాలువనీరు ఆవలి పొలములకు పోవుచున్నది.