ఎం.కె.త్యాగరాజ భాగవతార్

మాయవరం కృష్ణస్వామి త్యాగరాజ భాగవతార్ (మార్చి 1, 1910 - నవంబరు 1, 1959) ప్రసిద్ధ తమిళ సినిమా నటుడు, కర్ణాటక సంగీత గాయకుడు, నిర్మాత. తమిళనాట ఈయనను ఎం.కె.టి. అని సంక్షిప్తంగా పిలిచేవారు. తమిళ సినిమాలో తొలి సూపర్‌స్టార్‌గా ఈయనను పేర్కొంటారు. 1934 నుండి 1959 వరకు ఈయన నటించిన చిత్రాలు కేవలం 14. వాటిలో చింతామణి, అంబికాపతి, హరిదాస్ వంటివి ఆ కాలంలో అపూర్వ విజయాన్ని సాధించాయి. కీర్తి శిఖరాన ఉండగా 1944లో ఒక హత్య కేసులో అరెస్టయి, రెండేళ్ళకు పైగా జైలులో గడిపి, 1947లో నిర్దోషిగా విడుదలయ్యాడు. ఆ తరువాత ఈయన సినిమాలు మునుపటి విజయాన్ని అందుకోలేదు.

బాల్యం

త్యాగరాజ భాగవతార్ 1910 మార్చి 1న అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తంజావూరు జిల్లా మాయవరంలో (నేటి మయిలాడుదురై) ఒక విశ్వకర్మ కుటుంబంలో జన్మించాడు. వీరి కులవృత్తి బంగారు పని. కుటుంబం తరువాత తిరుచిరాపల్లికి తరలివెళ్ళింది. బాలుడికి చదువు మీద గాని, కులవృత్తి మీద గాని శ్రద్ధ ఉండేది కాదు. ఎక్కడ పాట వినిపిస్తే అక్కడికి వెళ్ళేవాడు. ఇంట్లో మందలింపులు భరించలేక ఒకసారి ఇల్లు వదిలి పారిపోయాడని, వెదుక్కుంటూ వెళ్ళిన తండ్రికి కడపలో జనం మధ్య పాడుతూ కనిపించాడని ఈయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. ఆ తరువాత తండ్రి కుమారుని సంగీతానికి అడ్డు చెప్పలేదు.

రంగస్థలం

తిరుచిరాపల్లిలో రైల్వే అధికారి, నాటకాభిమాని అయిన ఎఫ్.జి.నటేశ అయ్యర్ రసిక రంజన సభ అనే సంస్థను నడిపేవాడు. ఆయన ఈ బాలుని గొంతు విని, హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుని పాత్ర ఇచ్చాడు. త్యాగరాజ భాగవతార్ రంగస్థల జీవితానికి అదే ఆరంభం. తరువాత మదురై పొన్ను అయ్యంగార్ వద్ద కొన్నేళ్ళు శాస్త్రీయ సంగీతాన్ని నియమంగా అభ్యసించాడు. పేరు చివర ఉన్న భాగవతార్ అనే మాట ఈయన సంగీతానికి లభించిన బిరుదు. కాలక్రమంలో అదే ఇంటిపేరులా స్థిరపడిపోయింది.

ఆనాటి నాటకాలలో మైకులు ఉండేవి కావు. చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకునికి కూడా పద్యం, పాట స్పష్టంగా వినిపించాలంటే నటుడు హెచ్చు శ్రుతిలో పాడవలసి వచ్చేది. తెలుగు పద్యనాటకాలలో వలెనే తమిళ సంగీత నాటకాలలో కూడా గొంతే నటునికి మొదటి అర్హత. 1933లో మరణించిన ఎస్.జి.కిట్టప్ప ఈ సంప్రదాయంలో గొప్ప పేరు పొందినవాడు. ఆయన తరువాత ఆ స్థానం భాగవతార్‌కు దక్కింది.

సినీరంగ ప్రవేశం

భాగవతార్, ఎస్.డి.సుబ్బులక్ష్మి జంటగా నటించిన పవళక్కొడి నాటకం తమిళనాట విశేష ఆదరణ పొందింది. ఇది అర్జునునికి, పవళక్కొడి అనే యువతికి మధ్య ప్రేమకథ. ఈ నాటకాన్ని 1934లో అదే జంటతో సినిమాగా తీశారు. దర్శకుడు కె.సుబ్రహ్మణ్యానికి ఇది మొదటి చిత్రం. మద్రాసులో తీసిన ఈ చిత్రానికి చాలావరకు సూర్యకాంతిలోనే చిత్రీకరణ జరిగింది. ఎండ తగ్గితే పని ఆగిపోయేది. నేపథ్యగానం ఇంకా వాడుకలోకి రాలేదు కనుక నటీనటులు కెమెరా ముందే పాడేవారు. వాద్యగాళ్ళు దృశ్యంలో కనబడకుండా పక్కన నిలబడి వాయించేవారు. ఇటువంటి పరిస్థితులలో నాటకానుభవం, సంగీత జ్ఞానం రెండూ ఉన్న నటునికి ఎదురు లేకుండా పోయింది. పవళక్కొడి విజయంతో భాగవతార్ ఒక్కసారిగా సినీ నటునిగా స్థిరపడ్డాడు.

1936లో కె.సుబ్రహ్మణ్యం దర్శకత్వంలోనే నవీన సారంగధర చిత్రంలో నటించాడు. తెలుగువారికి సుపరిచితమైన రాజమహేంద్రవరం రాజకుమారుడు సారంగధరుని కథే దీనికి ఆధారం. అదే సంవత్సరం సత్యశీలన్ చిత్రం విడుదలైంది.

చింతామణి

1937లో వచ్చిన చింతామణి భాగవతార్ జీవితంలో పెద్ద మలుపు. మదురైకి చెందిన రాయల్ టాకీస్ సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు తెలుగువాడైన వై.వి.రావు. వేశ్యాలోలుడైన బిల్వమంగళుడు పశ్చాత్తాపంతో కృష్ణభక్తుడుగా మారిన కథ ఇది. తెలుగునాట కాళ్ళకూరి నారాయణరావు నాటకం ద్వారా ఇదే కథ ప్రసిద్ధి చెందింది. భాగవతార్ బిల్వమంగళునిగా, కె.అశ్వత్థమ్మ చింతామణిగా నటించారు. పాపనాశం శివన్ వ్రాసిన పాటలు ఊరూరా మారుమ్రోగాయి. చిత్రం ఏడాదికి పైగా ప్రదర్శింపబడింది. దీని లాభాలతో నిర్మాతలు మదురైలో చింతామణి పేరుతోనే ఒక సినిమా హాలు కట్టించారు.

అంబికాపతి

చింతామణి విడుదలైన 1937లోనే డిసెంబరులో అంబికాపతి ప్రేక్షకుల ముందుకు వచ్చింది. తమిళంలో వచ్చిన తొలి సంగీత ప్రేమకథా చిత్రాలలో దీనికి ముఖ్యస్థానం ఉంది. సేలం శంకర ఫిలింస్ వంటి పలు సంస్థలు అప్పటికే తమిళ చిత్రాలు తీస్తున్నా, మద్రాసులో వసతులు ఇంకా తక్కువగానే ఉండటంతో ఈ చిత్రం షూటింగు కలకత్తాలో జరిగింది.

కథ తమిళనాట ప్రచారంలో ఉన్న ఐతిహ్యం. తమిళ రామాయణ కర్త కంబర్ కుమారుడైన అంబికాపతి, చోళరాజు కుమార్తె అమరావతి ప్రేమించుకుంటారు. రాజు అంబికాపతికి ఒక పరీక్ష పెడతాడు. శృంగార ప్రసక్తి లేకుండా వరుసగా నూరు భక్తి పద్యాలు చెప్పగలిగితే రాజకుమారి అతనిది, లేకపోతే మరణశిక్ష. తెర వెనుక ఉన్న అమరావతి ఒక్కొక్క పద్యానికి ఒక్కొక్క పువ్వు చొప్పున లెక్క పెడుతుంది. కాని మొదట చెప్పిన ప్రార్థన పద్యాన్ని కూడా లెక్కలో కలుపుకుంటుంది. తొంభైతొమ్మిది పద్యాలకే నూరు పూర్తయ్యాయని సంతోషంతో బయటికి వస్తుంది. ఆమెను చూసిన అంబికాపతి నూరవ పద్యంగా ఆమె సౌందర్యాన్నే వర్ణిస్తాడు. ఒక్క పువ్వు తేడా ఇద్దరి ప్రాణాలనూ బలిగొంటుంది.

ఈ చిత్రానికి దర్శకుడు అమెరికా దేశస్థుడైన ఎల్లిస్ ఆర్.డంగన్. అతడు 1909లో ఒహాయో రాష్ట్రంలో జన్మించి, కాలిఫోర్నియాలో సినిమా విద్య అభ్యసించి 1935లో భారతదేశానికి వచ్చాడు. 1936లో ఎం.జి.రామచంద్రన్ మొదటి చిత్రమైన సతీ లీలావతికి దర్శకత్వం వహించాడు. డంగన్‌కు తమిళం రాదు. సంభాషణల అర్థాన్ని ఆంగ్లంలో వ్రాయించుకొని, సహాయకుల తోడ్పాటుతో దర్శకత్వం చేసేవాడు. భాష తెలియకపోవటం వలన అతని దృష్టి ఎక్కువగా కెమెరా కదలిక, వెలుగునీడలు, నటుల హావభావాల మీద ఉండేది. నాటకాన్ని ఉన్నదున్నట్లు తెరకెక్కించే పద్ధతి నుండి తమిళ సినిమా బయటపడటానికి ఇది తోడ్పడింది.

సంభాషణలు వ్రాసిన ఇళంగోవన్ అప్పటివరకు వాడుకలో ఉన్న నాటక ఫక్కీని విడిచి, కవితాత్మకమైన తమిళంలో వ్రాశాడు. షేక్స్పియర్ రోమియో జూలియట్ నాటకంలోని మేడ సన్నివేశం ప్రభావం ఈ చిత్రంలోని ప్రేమ సన్నివేశాలలో కనిపిస్తుంది. అమరావతిగా ఎం.ఆర్.సంతానలక్ష్మి, కంబర్‌గా సెరుకళత్తూర్ శామా, ప్రతినాయకుని పాత్రలో టి.ఎస్.బాలయ్య, హాస్యపాత్రలలో ఎన్.ఎస్.కృష్ణన్, టి.ఎ.మధురం నటించారు. నాయికా నాయకుల మధ్య సాన్నిహిత్యాన్ని ఆనాటి ప్రమాణాలకు మించి చూపించటం చర్చనీయాంశమైనా, ప్రేక్షకులు చిత్రాన్ని విశేషంగా ఆదరించారు. పాపనాశం శివన్ పాటలు ఈ చిత్రానికి కూడా ప్రాణం పోశాయి. ఇదే కథను 1957లో శివాజీ గణేశన్, పి.భానుమతి జంటగా మళ్ళీ తీశారు.

హరిదాస్ వరకు

అంబికాపతి తరువాత 1939లో తిరునీలకంఠర్, 1941లో అశోక్ కుమార్, 1943లో శివకవి చిత్రాలు వచ్చాయి. అశోక్ కుమార్ చిత్రంలో భాగవతార్ అశోక చక్రవర్తి కుమారుడైన కుణాలుని పాత్ర ధరించాడు. తెలుగు నటులు చిత్తూరు నాగయ్య అశోకునిగా, కన్నాంబ తిష్యరక్షితగా నటించారు.

1944 అక్టోబరులో దీపావళికి హరిదాస్ విడుదలైంది. దర్శకుడు సుందరరావు నాదకర్ణి. టి.ఆర్.రాజకుమారి, ఎన్.సి.వసంతకోకిలం నాయికలు. జి.రామనాథన్ సంగీతం సమకూర్చాడు. రెండవ ప్రపంచ యుద్ధం వలన ముడిఫిలిం కొరత ఏర్పడి, చిత్రం నిడివి 11,000 అడుగులు మించరాదని ప్రభుత్వం ఆంక్ష విధించిన కాలమది. తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేసిన భోగలాలసుడు చివరకు వారి సేవలోనే భగవంతుని చూడటం ఇందులోని కథ. తెలుగులో 1957లో వచ్చిన పాండురంగ మహాత్మ్యం కథకు దీనితో దగ్గరి పోలిక ఉంది. మద్రాసు బ్రాడ్వే థియేటరులో హరిదాస్ మూడు దీపావళి పండుగలను చూసింది.

ఈ కాలంలో భాగవతార్ ఎక్కడ కచేరీ చేసినా జనం వేలాదిగా తరలివచ్చేవారు. భుజాల వరకు పెంచిన జుట్టు, పట్టు జుబ్బా, చెవులకు వజ్రాల కమ్మలు ఈయన వేషధారణలో భాగం. ఆ జుట్టు తీరును యువకులు అనుకరించటంతో దానికి భాగవతార్ క్రాపు అనే పేరు వచ్చింది.

లక్ష్మీకాంతన్ హత్య కేసు

సి.ఎన్.లక్ష్మీకాంతన్ మద్రాసులో సినీ ప్రముఖుల వ్యక్తిగత జీవితాల గురించి నిందాత్మకమైన వ్రాతలు ప్రచురించే పత్రికలను నడిపేవాడు. 1944 నవంబరు 8న అతనిపై కత్తితో దాడి జరిగింది. మరునాడు ఆసుపత్రిలో మరణించాడు. ఈ హత్యకు కుట్ర పన్నారనే అభియోగంపై భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్.కృష్ణన్, దర్శకుడు శ్రీరాములు నాయుడు తదితరులను పోలీసులు అరెస్టు చేశారు. అప్పటికి హరిదాస్ విడుదలై కొన్ని వారాలు మాత్రమే అయింది.

మద్రాసు హైకోర్టులో జ్యూరీ సహాయంతో విచారణ జరిగింది. శ్రీరాములు నాయుడు నిర్దోషిగా విడుదలయ్యాడు. 1945 మేలో భాగవతార్‌కు, కృష్ణన్‌కు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలు తిరస్కరింపబడగా, కేసు లండనులోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళింది. ప్రివీ కౌన్సిల్ దానిని పునర్విచారణకు తిరిగి పంపింది. ఈసారి ప్రముఖ న్యాయవాది వి.ఎల్.ఎతిరాజ్ వాదించాడు. సాక్ష్యాలు నమ్మదగినవి కావని నిర్ణయించి 1947 ఏప్రిల్‌లో హైకోర్టు ఇద్దరినీ విడుదల చేసింది. లక్ష్మీకాంతన్‌ను చంపినది ఎవరన్నది నేటికీ తేలలేదు.

చివరి దశ

జైలుకు వెళ్ళేనాటికి భాగవతార్ అనేక చిత్రాలకు ఒప్పుకొని ఉన్నాడు. అవన్నీ చేజారిపోయాయి. ఉదయనన్ చిత్రంలో ఈయన పాత్రను ప్రసిద్ధ గాయకుడు జి.ఎన్.బాలసుబ్రహ్మణ్యం పోషించాడు. కేసు ఖర్చులకు, అప్పులకు ఆస్తిలో చాలా భాగం కరిగిపోయింది.

విడుదలైన తరువాత నటించిన రాజముక్తి (1948) పరాజయం పొందింది. ఈ చిత్రంలో తెలుగు నటి పి.భానుమతి కూడా నటించింది. 1952లో వచ్చిన అమరకవి, శ్యామల కూడా ఆశించిన విజయం సాధించలేదు. దీనికి కేసు వలన కలిగిన అపఖ్యాతి ఒక్కటే కారణం కాదు. ఈలోగా నేపథ్యగానం స్థిరపడి, నటుడే గాయకుడు కావలసిన అవసరం తొలగిపోయింది. పురాణకథల స్థానంలో సాంఘిక చిత్రాలు, పాటల స్థానంలో పదునైన సంభాషణలు వచ్చాయి. 1952లోనే విడుదలైన పరాశక్తి ఈ మార్పుకు గుర్తుగా నిలిచింది. భాగవతార్ గొంతు మారలేదు గాని, వినేవారి అభిరుచి మారిపోయింది. 1957లో స్వయంగా దర్శకత్వం వహించిన పుదు వాళ్వు కూడా ఆదరణ పొందలేదు.

మధుమేహ వ్యాధి వలన చివరి రోజులలో చూపు దెబ్బతిన్నది. అయినా ఆలయాలలో పాడటం మానలేదు. 1959 నవంబరు 1న మద్రాసు జనరల్ ఆసుపత్రిలో తన 49వ యేట మరణించాడు. చివరి చిత్రం శివగామి ఈయన మరణానంతరం 1960లో విడుదలైంది.

నటించిన చిత్రాలు

పవళక్కొడి (1934)
నవీన సారంగధర (1936)
సత్యశీలన్ (1936)
చింతామణి (1937)
అంబికాపతి (1937)
తిరునీలకంఠర్ (1939)
అశోక్ కుమార్ (1941)
శివకవి (1943)
హరిదాస్ (1944)
రాజముక్తి (1948)
అమరకవి (1952)
శ్యామల (1952)
పుదు వాళ్వు (1957)
శివగామి (1960)