చిత్రకారుడు దామెర్ల రామారావు

శ్రావణమాసంలో ఒక ఉదయం శామీర్‌పేట చెరువుగట్టు మీద కొంతసేపు నిలిచి చూచినవారికి ఈ సంగతి అనుభవమే. ఇప్పటిదాకా వెండిరేకువలె మెరసిన నీరు, మేడ్చల్ దిక్కునుండి ఒక మబ్బు సాగిరాగానే సీసపు రంగు దాలుస్తుంది. ఎండలో గోధుమవన్నెతో కానవచ్చిన బండరాళ్ళు నాలుగు చినుకులు పడగానే నల్లబడతాయి. కళాశాల చిత్రప్రదర్శనకై ఆ దృశ్యాన్ని కాగితంపైకి తేదలచిన విద్యార్థి, గీతలు ముగించేలోపలనే తాను చూచిన దృశ్యం మాయమైనదని గ్రహించి నిరుత్సాహపడడం సహజం. అట్టి విద్యార్థి తెలుసుకొనదగిన జీవితమొకటి తెలుగునాట ఉన్నది. అది దామెర్ల రామారావు గారి జీవితం. ఆయనకు దక్కిన ఆయువు ఇరవై ఎనిమిదేండ్లు కూడా నిండలేదు.

రామారావు 1897వ సంవత్సరం మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆ ఊరికి గోదావరియే ప్రాణం. ఎగువన తూర్పు కనుమలను చీల్చుకొని ఇరుకుదారిన వచ్చిన నది, రాజమహేంద్రవరం చేరేసరికి సముద్రాన్ని తలపించేటంత వెడల్పవుతుంది. వర్షాకాలపు వరదలో ఎర్రమట్టి రంగు, శీతకాలంలో తేటనీలం, వేసవిలో ఇసుకతిన్నెల తెలుపు. ఒకే నది ఏడాదిలో ఇన్ని వన్నెలు చూపుతుంది. కన్నులు తెరచి చూడగల బాలునకు అంతకు మించిన చిత్రశాల వేరొకటి అక్కరలేదు. రామారావుకు బడి పాఠాలకన్న బొమ్మలపైనే మక్కువ ఎక్కువ. కాని ఆ రోజులలో బొమ్మలు వేయడం కూడు పెట్టే విద్య అని నమ్మేవారు అరుదు.

అట్టి కాలంలో ఆయనకు లభించిన గురువు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ఆంగ్లేయుడు 1909 నుండి 1919 వరకు రాజమహేంద్రవరంలో పనిచేసి, అచటి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆయన స్వయంగా కవి, నీటిరంగుల చిత్రకారుడు. పాలించే జాతికి చెందినవాడనైతినన్న దూరం పాటించక, చిత్రకళపై ఆసక్తిగల కుర్రవారిని దగ్గరకు తీసి, వెంటబెట్టుకొని ఆరుబయటికి పోయి ప్రకృతిని చూచి గీయడం నేర్పారు. ఆ బృందంలో రామారావుతోపాటు వరదా వెంకటరత్నం, అడివి బాపిరాజు మొదలైనవారు ఉండేవారు.

ఆరుబయట నీటిరంగులతో చిత్రించడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే ఎరుక. నీటిరంగు పారదర్శకమైనది. కాగితపు తెలుపే అందులో వెలుగు. ఒకసారి ఆ తెలుపు కప్పివేస్తే మరల తెచ్చుకొనడం దాదాపు అసాధ్యం. గాలిలో తేమ నిండినప్పుడు మొదటి పూత ఆరదు. ఆరకముందే రెండవ పూత వేస్తే రంగులు ఒకదానిలోనికొకటి పాకి చెదరిపోతాయి. ఎండ తీవ్రమైతే కుంచె కదిపేలోపలనే అంచులు ఎండి గట్టిగీతలు పడతాయి. వీటన్నిటికి మించి, సూర్యుడు ఆగడు. అరగంటలో నీడలన్నీ చోటు మారతాయి. కనుక బయట గీసేవాడు మొదట వెలుగు ఎటునుండి పడుచున్నదో నిశ్చయించుకొని, ముఖ్యమైన నీడలను త్వరగా గుర్తించి, తర్వాత ఆకాశం ఎన్ని వేషాలు మార్చినా తాను మొదట చూచినదానినే పట్టుకొని ఉండాలి. మబ్బు వెంట పరుగెత్తినవానికి చిత్రం దక్కదు. ఇందుకు చేతి వేగమొక్కటే చాలదు, నిత్యసాధన కావాలి. ఆ సాధనకు సాధనం చిన్న స్కెచ్‌పుస్తకం. ఈ మాట పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి.

కూల్డ్రే తన శిష్యునకు అజంతా గుహలనుకూడా చూపించారు. అజంతా అప్పటి నిజాం రాజ్యంలోనిది. 1909-11 నడుమ లేడీ హెరింగ్‌హామ్ నాయకత్వాన ఆ కుడ్యచిత్రాలకు ప్రతులు వ్రాసిన బృందంలో, నందలాల్ బోస్ వంటి వంగ చిత్రకారుల సరసన, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్‌లుకూడా పాల్గొన్నారు. బౌద్ధభిక్షువుల గుహలలోని కళను కాపాడడానికి హిందువులు, ముస్లిములు, ఆంగ్లేయులు ఒకే దీపపు వెలుగులో కూర్చుండి శ్రమించారన్నది మన ప్రాంత చరిత్రలో స్మరింపదగిన ఘట్టం.

1916లో కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయి వెళ్ళి జె. జె. కళాశాలలో చేరారు. ఆయన తెచ్చిన చిత్రాలను చూచిన ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్, తొలి తరగతులతో పనిలేదని తలచి నేరుగా మూడవ సంవత్సరంలో చేర్చుకున్నారు. గోదావరిగట్టున చేసిన అభ్యాసం ఆ విధంగా ఫలించింది. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందినా, రామారావు చూపు మాత్రం ఈ నేలను విడువలేదు. గుజరాతు ప్రాంతంలో సంచరించి చిత్రాలు వ్రాశారు. కలకత్తా, శాంతినికేతనాలు దర్శించి, అవనీంద్రనాథ ఠాకూర్ ప్రభృతుల కృషిని పరిశీలించారు. కాని వంగశైలికి అనుకరణగా మిగలక, ఆంధ్రుల రూపురేఖలు, ఆంధ్రదేశపు కొండలు, నీళ్ళు తన చిత్రాలలో తమవైన వన్నెలతో కనిపించాలని ఆశించారు.

1922లో కలకత్తాలో జరిగిన ప్రదర్శనలో ఆయన రచించిన ఋష్యశృంగ బంధనమనే చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది. ఋష్యశృంగుని కథ వానను గురించిన కథయే. ఆ ముని అడుగుపెట్టగానే కరవుతో ఎండిన అంగదేశాన వర్షం కురిసినదని పురాణం. నది ఒడ్డున మబ్బులను చూస్తూ పెరిగిన చిత్రకారునికి తొలి ఘనకీర్తిని ఆ కథయే తెచ్చిపెట్టడం ముచ్చటైన విషయం. 1924లో లండన్ చెంత వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనలోకూడా ఆయన చిత్రాలకు చోటు దక్కింది.

కీర్తి లభించిన యువకుడు బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడి ఉంటే ధనానికి కొదువ ఉండేది కాదు. రామారావు సొంత ఊరికి తిరిగివచ్చి, మిత్రుల సాయంతో చిత్రకళాశాలను, ఆంధ్ర భారతీయ చిత్రకళా పరిషత్తును నెలకొల్పారు. ఏటేటా చిత్రప్రదర్శన జరపాలని సంకల్పించారు. ఆ విద్యను పురుషులకే పరిమితం చేయక, భార్య సత్యవాణి గారికి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారికి నేర్పారు. ఇద్దరూ చిత్రకారిణులుగా గుర్తింపు పొందారు. స్త్రీలు చదువుకొనడమే గొప్ప అయిన రోజులలో ఇది సామాన్యమైన విషయం కాదు.

ఇంతలో విధి అడ్డుపడింది. మశూచికం సోకి 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు కన్నుమూశారు. నేటి విద్యార్థులకు ఆ వ్యాధి పేరు మాత్రమే తెలుసు. అది 1975 తర్వాత మన దేశంలో కనిపించలేదు. 1980లో ప్రపంచమంతటా నిర్మూలనమైనట్లు ప్రకటింపబడింది. కాని ఆనాడు అది ఎందరి ఇండ్లలోనో దీపాలార్పింది.

ఆయన విడిచిపోయినవి లెక్కించగా తైలవర్ణ చిత్రాలు 34, నీటిరంగుల చిత్రాలు 129, రేఖాచిత్రాలు సుమారు 250, స్కెచ్‌పుస్తకాలు 28 అని తేలింది. ఈ చివరి అంకె వద్ద ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. బహుమతులు పొందిన చిత్రాలు కొన్నే. వాటి వెనుక ఎవరికీ చూపని, ఏ ప్రదర్శనకూ పోని పుటలు ఇరవై ఎనిమిది పుస్తకాల నిండా ఉన్నాయి.

మిత్రుడు వరదా వెంకటరత్నం గారు ఆ కళాశాలను మూతపడనీయక నడిపారు. రాజమహేంద్రవరంలో రామారావు పేర వెలసిన చిత్రశాల ఆ స్నేహానికి ఫలం. మరొక సహాధ్యాయి బాపిరాజు గారు నవలాకారులుగా, చిత్రకారులుగా ప్రసిద్ధులై, 1944లో మన హైదరాబాదుకు వచ్చి మీజాన్ తెలుగు దినపత్రికకు సంపాదకులైనారు. మీజాన్ ఉర్దూలోను, తెలుగులోను, ఆంగ్లంలోను వెలువడేది. గోదావరిగట్టున కూల్డ్రే చుట్టూ కూర్చున్న కుర్రవారిలో ఒకరు, రెండు భాషలు కలసి నడచిన పత్రికాలయానికి చేరడం, ఉర్దూ తెలుగులు ఒకే అట్టల నడుమ ఇమిడిన ఈ సంచికను చదివేవారికి సంతోషం కలిగించక మానదు.

కాబట్టి ప్రదర్శన దగ్గరపడినదని, వాన వదలడం లేదని దిగులుపడే సోదర సోదరీమణులకు ఒక్క విన్నపం. మేఘాలు మన అనుమతి కోరి కదలవు. ఆయుర్దాయమూ అంతే. తెరపి ఇచ్చేదాకా వేచి ఉందామనుకొనక, చేతిలో చిన్న పుస్తకం, ఒక పెన్సిలు పట్టుకొని గట్టు మీదికి నడవండి. నేడు గీసిన పుట బాగుండకపోవచ్చు. ఇరవై ఎనిమిది పుస్తకాలలో అదీ ఒక పుట అవుతుంది.