రసాయనశాస్త్రజ్ఞుడు లెవోయిజర్

కట్టె మండి బూడిదయగును. ఇనుము త్రుప్పు పట్టును. మనుజుడు ఊపిరి పీల్చి విడుచును. ఈ మూడును ఒక్క కోవకు చెందిన మార్పులే యని నేడు బడిపిల్లలు సైతము ఎరుగుదురు. రెండువందల యేబది సంవత్సరముల క్రిందట మహాపండితులకును ఈ సంగతి తెలియదు. దీనిని త్రాసుతో తూచి నిరూపించినవాడు ఆంటోనీ లారెంట్ లెవోయిజర్.

ఆయన 1743వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. కుమారుడును న్యాయశాస్త్రము చదివి పట్టము పొందెను గాని, ఆయన మనస్సు విజ్ఞానశాస్త్రముల యందే లగ్నమయ్యెను. 1768లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. ఆ సంవత్సరమే ఆయన మరియొక కార్యము చేసెను. ఆ కాలమున ఫ్రాన్సు రాజు ఉప్పు, పొగాకు మున్నగువానిపై పన్నులు వసూలుచేయు హక్కును ఒక ధనికుల సంఘమునకు గుత్తకిచ్చుచుండెను. ఆ గుత్తదారుల పేరు చెప్పిన ప్రజలకు ఒడలు మండెడిది. లెవోయిజర్ ఆ గుత్తలో వాటా కొనెను. వచ్చిన ధనములో పెద్దభాగము ప్రయోగశాలకు, మిక్కిలి సున్నితమైన త్రాసులకు వెచ్చించెను.

1771లో తోటి గుత్తదారుని కుమార్తె మేరీ ఆన్‌ను వివాహమాడెను. అప్పటికామెకు పదమూడేండ్లు. ఆమె ఆంగ్లము నేర్చి శాస్త్రగ్రంథములను భర్తకు అనువదించి యిచ్చెను. చిత్రలేఖనము అభ్యసించి ఆయన పరికరములకు బొమ్మలు గీసెను.

వస్తువు మండునపుడు దానినుండి ఫ్లోజిస్టను అను పదార్థము వెడలిపోవునని నాటివారి నమ్మకము. కాని లోహమును కాల్చి భస్మము చేసినచో బరువు పెరుగుచుండెను. ఉన్నది పోయినచో బరువెట్లు పెరుగును? లెవోయిజర్ గాజుపాత్రలో తగరమునుంచి, మూతిని గట్టిగా మూసి, తూచి, వేడిచేసెను. తగరము కొంత భస్మమయ్యెను. మరల తూచగా మొత్తము బరువులో మార్పు లేదు. మూతి తెరచినంతనే బయటి గాలి సుయ్యిమని లోనికి చొచ్చెను. అప్పుడు తూచగా బరువు పెరిగెను. తగరము గాలిలోని ఏదో భాగమును గ్రహించినదని తేలెను.

ఆ భాగమేది? 1774లో ప్రీస్ట్లీ అను ఆంగ్లేయుడు పారిస్‌కు వచ్చి, ఎఱ్ఱని పాదరస భస్మమును కాల్చగా వెలువడిన వాయువులో క్రొవ్వొత్తి దేదీప్యమానముగా వెలిగినదని చెప్పెను. తరువాత లెవోయిజర్ పాదరసమును కొలిచిన గాలితో కూడ మూసియుంచి పండ్రెండు దినములు కాచెను. దానిపై ఎఱ్ఱని భస్మము తేలెను. గాలిలో ఆరింట ఒకవంతు తరిగెను. మిగిలిన గాలిలో దీపము ఆరిపోయెను. ఆ భస్మమును ఇంకను అధికముగా కాల్చగా, తరిగినంత వాయువును తిరిగి వచ్చెను. దానిని మిగిలిన గాలితో కలుపగా మామూలు గాలియే యేర్పడెను! ఈ కీర్తిలో ప్రీస్ట్లీకి న్యాయమైన వాటాను లెవోయిజర్ ఇయ్యలేదను మాట సత్యమే. కాని ప్రీస్ట్లీ తుదివరకు ఫ్లోజిస్టనునే నమ్మియుండెను.

ఆమ్లములన్నిటికిని ఈ వాయువే మూలమని తలచి, లెవోయిజర్ దానికి ఆమ్లమును పుట్టించునది అను అర్థముగల ఆక్సిజన్ అను పేరు పెట్టెను. హైడ్రోక్లోరిక్ ఆమ్లములో అది లేశమైనను లేదని తరువాతివారు కనుగొనిరి. తప్పు తేలినను పేరు నిలిచెను. తెలుగు పుస్తకములలో ఆమ్లజని యను మాట దానికి అనువాదమే. లాప్లాసు అను గణితవేత్తతో కలిసి ఆయన గినీపందిని మంచు చుట్టిన పాత్రలో నుంచి, దాని దేహపు వేడికి కరగిన మంచును కొలిచి, శ్వాసక్రియయు నెమ్మదిగా సాగు మంటయే యని తేల్చెను.

1789లో ఆయన రసాయనశాస్త్ర గ్రంథము వెలువడెను. ముప్పదిమూడు మూలకముల పట్టిక అందున్నది. ఆ సంవత్సరమే ఫ్రాన్సులో విప్లవము చెలరేగెను. 1791లో పన్నుల గుత్త రద్దయ్యెను. 1793లో గుత్తదారులు చెరలో పడిరి. పొగాకులో నీరు కలిపి బరువు పెంచిరన్నది వారిపై మోపిన నేరములలో నొకటి. జీవితమంతయు సరియైన తూనికకై శ్రమించినవానికి ఇట్టి నింద వచ్చెను! 1794 మే 8వ తేదీన విచారణ ముగిసిన దినముననే మామగారితోపాటు ఆయనను గిలెటిన్ యంత్రమున కెక్కించి శిరచ్ఛేదము గావించిరి. అప్పటికాయనకు ఏబది యేండ్లు.

ప్రభుత్వము స్వాధీనము చేసికొనిన పరికరములును పత్రములును తరువాత మేరీ ఆన్‌కు తిరిగి దక్కెను. భర్త ముగింపక విడిచిన వ్రాతలను ఆమె అచ్చొత్తించి పండితులకు పంచిపెట్టెను. ఆయన త్రాసులు నేటికిని పారిస్ నగరములోని ప్రదర్శనశాలలో నున్నవి.