మెడ వంచిన కొంగ

కొల్లేరు వెళ్లి కొంగల ఫోటోలు తీసుకొచ్చి, రాత్రంతా లైట్‌రూమ్‌లో కూర్చునే బ్యాచ్ మన కాలేజీలో ఒకటుంది. నేనూ అందులోనే. మాలో మాకు ఎప్పుడూ ఒకటే గొడవ: ఎంతవరకు ఎడిట్ చేస్తే అది ఇంకా ఆ పక్షే? కెమెరా లేకుండానే ఈ గొడవలో బతికిన మనిషి జాన్ జేమ్స్ ఆడుబాన్.

1785లో ఇప్పటి హైతీలో పుట్టాడు, ఫ్రాన్స్‌లో పెరిగాడు. నెపోలియన్ సైన్యంలోకి తీసుకుపోతారని తండ్రి 1803లో అమెరికా పంపేశాడు. అక్కడ కొట్టు పెట్టాడు, మిల్లు పెట్టాడు, దివాలా తీశాడు. 1819లో అప్పులకి జైలు కూడా చూశాడు. ఆ తర్వాతే అమెరికా పక్షులన్నీ గీయాలని పూర్తిగా దిగాడు. ఇల్లు నడిపింది మాత్రం పిల్లలకి పాఠాలు చెప్పిన భార్య లూసీ.

ఆయనకి ఒక పంతం: ప్రతి పక్షీ అసలు సైజులోనే ఉండాలి. పేజీ దాదాపు 39 అంగుళాల ఎత్తు, 26 వెడల్పు. పిచ్చుకకి పర్లేదు. కానీ గ్రేట్ బ్లూ హెరాన్, అంటే మన నారాయణపక్షికి అమెరికా చుట్టం, నిటారుగా నిలబడితే నాలుగడుగులు. మనమైతే రీసైజ్ కొట్టేస్తాం. ఆయన మెడని కిందికి వంచాడు, ముక్కు కాళ్ల దగ్గరికి వచ్చేలా. ఫ్లెమింగోకీ అదే చేశాడు. నీళ్లలో తిండి కోసం అవి ఎలాగూ వంగుతాయి. ఫ్రేమ్ ఇబ్బంది తీరింది, పక్షి అబద్ధం కాలేదు. నాకు ఆయనలో బాగా నచ్చింది ఇదే.

మిగతాదంతా మనం చేసే పనే. పక్షిని కాల్చి, తీగలతో గళ్ల బోర్డు మీద నిలబెట్టి, అవే గళ్లున్న కాగితం మీద గీసేవాడు. నచ్చిన పాత బొమ్మని కత్తిరించి కొత్తదాని మీద అంటించేవాడు. అచ్చం లేయర్లే! పొడవు ముక్కు కర్ల్యూ వెనక కనిపించే చార్ల్స్‌టన్ ఊరు జార్జ్ లేమన్ వేసింది. లండన్‌లో రాబర్ట్ హావెల్ రాగి రేకుల మీద చెక్కుతూ ఇంకొంత మార్చేవాడు, రంగులు పదుల మంది చేత్తో వేసేవాళ్లు. 1827 నుంచి 1838 దాకా 435 ప్లేట్లు. పుస్తకం మీద పేరు ఒక్కడిదే.

ఇక నచ్చనివి. బానిసల్ని కొన్నాడు, అమ్మాడు. వాషింగ్టన్ పేరు పెట్టి కొత్త గద్దని కనిపెట్టానన్నాడు, అది మళ్లీ ఎవరికీ దొరకలేదు. పిల్ల బాల్డ్ ఈగిల్‌ని చూసి పొరబడ్డాడని కొందరు, కావాలనే కల్పించాడని కొందరు. నాకు రెండోదే అనిపిస్తుంది. ఎందుకంటే రఫినెస్క్ అనే శాస్త్రవేత్తకి లేని చేపల గురించి చెప్పి నమ్మించిన మనిషి ఆయన. పాపం ఆయన వాటిని 1820లో అచ్చు కూడా వేసేశాడు. మెడ వంచడానికీ, లేని గద్దని పుట్టించడానికీ తేడా ఆడుబాన్‌కి తెలీదంటే నేను నమ్మను.

1846కల్లా చూపు తగ్గింది. తర్వాత మతి కూడా తప్పింది. చివరి పుస్తకం పక్షులది కాదు, జంతువులది. అందులో మిగిలిపోయిన బొమ్మలు కొడుకు జాన్ వేశాడు. 1851 జనవరిలో న్యూయార్క్‌లో, హడ్సన్ నది ఒడ్డునున్న ఇంట్లో ఆడుబాన్ చనిపోయాడు.